రెండో గొట్టం

ఏప్రిల్ 9

తమ్ముడికి,

అక్క దీవెనలు. దీవెనలు ఈ ఒక్క ముక్కతో అయిపోయాయి. కింద ఉన్నవన్నీ తిట్లే, కాకపోతే నీకు కాదు, కంగారుపడకు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. కాగితం ముందు కూర్చుంటే కోపం ఒక్కటే వస్తుంది. నాకిప్పుడు కావలసింది కోపమే.

నిరుడు జూలైలో మా కుంటల్లో జరిగింది నీకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు వరసగా విను. మూడు రోజులు వాన కురిసింది. ఎప్పటిలాగే తూము ఎత్తి వాగు నీళ్లు ఏడు కుంటలకీ పెట్టుకున్నాం. వారం తిరక్కుండా నీళ్లు పచ్చబడి చిక్కగా తయారయ్యాయి. ఎనిమిదో రోజు తెల్లారేసరికి చేపపిల్లలన్నీ పైకి తేలి, నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఒక్కోటి నా చిటికెన వేలి గోరంత. మీ బావా నేనూ తెడ్లతో నీళ్లు చిలికాం. బకెట్లతో ఎత్తి ఎత్తి పోశాం. ఎండెక్కేసరికి కుంటలన్నిటి మీదా తెల్లటి పొర కట్టింది. గంపలతో ఎత్తి గోతిలో పూడ్చాం. మూడు రోజుల దాకా నా చేతులకి ఆ వాసన వదల్లేదు.

అది పైనుంచి వచ్చిన ఎరువు. వాగుకి పైన ఉన్నది బాబాయి మొక్కజొన్న. ఆ పొలాల అడుగునుంచి నీళ్లు లాగే గొట్టాలు మూడు వాగులోకి తెరుచుకుని ఉంటాయి, నీకు గుర్తుండే ఉంటుంది. బాబాయి ఇంటికి వెళ్లి, నలుగురూ కూర్చున్న వసారాలో నిలబడి, "నీ ఎరువు నా పిల్లల్ని చంపింది" అన్నాను. సొంత చిన్నాన్న, మనల్ని భుజాన మోసినవాడు, ఏమన్నాడో తెలుసా? "చేపలు నీళ్లలో మునిగి చచ్చాయా? వాటికి ఈత నేర్పలేదా అమ్మా?" అన్నాడు. వసారా అంతా నవ్వింది.

ఆ నవ్వు తొమ్మిది నెలలుగా నా కడుపులో మండుతోంది. నాకు నష్టం ఎవరూ కట్టక్కర్లేదు. పగ తీరాలి, అంతే. ఏ పొలం నుంచి ఏ వాగులోకి ఎంత మురికి వస్తోందో లెక్కగట్టే ఆఫీసులో నువ్వు పనిచేస్తున్నావు. నాకొక కాగితం కావాలి. బాబాయి పేరు మీద, గుండ్రటి ముద్ర వేసింది. దాన్ని అదే వసారాలో, ఆ నలుగురి ముందే, నేను గొంతెత్తి చదవాలి.

ఇంకో మాట. ఈ జూలైలో కూడా చేపపిల్లలు చస్తే మా దగ్గర కొనేవాడు ఇక ఉండడు. కుంటలు పూడ్చేసి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మొయ్యడానికి పోతానంటున్నాడు మీ బావ. ఆయన నడుం సంగతి నీకు తెలుసు, వంగి చెప్పు తొడుక్కోవడానికే నన్ను పిలుస్తాడు.

వెంటనే రాయి.
నీ అక్క


ఏప్రిల్ 18

అక్కకి,

నమస్కారాలు. ఉత్తరం ఆఫీసుకి రాశావు. మా టపా గుమస్తా ఎవరి ఉత్తరమైనా ముందు వెలుగుకి పట్టి చూస్తాడు, తర్వాత చేతికిస్తాడు. ఇక నుంచి గది అడ్రసుకే రాయి. రెండో అంతస్తు, సైకిల్ షాపు పైన. నీళ్ల ఆఫీసులో పనిచేసేవాడి గదిలో రోజుకి గంటసేపే నీళ్లొస్తాయి. ఇంటి ఓనరుకి ఆ మాట పదే పదే చెప్పి నవ్వడం ఒక సరదా.

చదివి చాలా బాధపడ్డాను. కానీ అక్కా, మాది శిక్షలు వేసే ఆఫీసు కాదు. మా దగ్గర ఉన్న నిధి కొంచెం, చెడిపోయిన వాగులు బోలెడు. తక్కువ ఖర్చుతో ఏ వాగు ఎక్కువ బాగుపడుతుందో చూడడమే నా పని. ప్రతి పొలం గట్టునా ఏదో ఒకటి కట్టుకుంటూ పోతే దేశం సొమ్ము చాలదు. మురికిలో పెద్ద భాగం ఎప్పుడూ రెండు మూడు చోట్ల నుంచే వస్తుంది. ఆ చోట్లు పట్టుకుంటే చాలు. ఎరువంతా ఒకేసారి కుమ్మరించకుండా, మొక్క తాగగలిగినంతే మూడు దఫాలుగా వేస్తే పైసా ఖర్చు లేదు, పైగా ఎరువు మిగులుతుంది. వాగు పక్కన పది అడుగులు దున్నకుండా గడ్డి వదిలేస్తే పైనుంచి కొట్టుకొచ్చే మట్టిని అదే పట్టుకుంటుంది. ఇక గొట్టం మూతికి ఒక చిన్న పెట్టె కట్టి, అందులో చెక్కపలకలు దింపితే నీళ్లు నేలలోనే కొన్నాళ్లు నిలబడతాయి. అలా నిలబడినప్పుడు ఎరువులోని విషం చాలావరకు నేలలోనే విరిగిపోతుంది. ఇవన్నీ నేను ఊరూరా తిరిగి రైతులకి చెప్పేవే.

మూడు సీసాలు పంపుతున్నాను. మూడు గొట్టాల దగ్గరా నీళ్లు పట్టి, అంకె వేసి పంపు. బాబాయితో మాత్రం గొడవ పెట్టుకోకు. ఆయన నోరే అంత, మనసు కాదు.

బావని బరువులు ఎత్తొద్దని చెప్పు.
తమ్ముడు


ఏప్రిల్ 29

తమ్ముడికి,

నోరే అంత, మనసు కాదట. నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పుడు నిన్ను కరిచిన కుక్కకి కూడా మర్నాడు బిస్కెట్ పెట్టి వచ్చావు.

సీసాలు పట్టాను. పొద్దున్నే పాంటు పైకి మడిచి వాగులో నడిచాను (నడిచింది మీ బావ పాంటుతో, నవ్వకు). మొదటి గొట్టం దగ్గర నీళ్లు పరవాలేదు. మూడోదీ అంతే. రెండోదాని దగ్గర మాత్రం రాళ్లన్నీ పాచి పట్టి పచ్చటి జుట్టు మొలిచినట్టున్నాయి. బాబాయి గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు. "ఏం పడుతున్నావమ్మా?" అన్నాడు. "నీ జాతకం" అన్నాను. ఆయన నవ్వలేదు. రెండో గొట్టం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. దొంగ చూపు అంటే అదే.

ఆ రెండో గొట్టం ఏ పొలానిదో తెలుసుగా. నాన్న నీకిస్తే నువ్వు చదువుకి వెళ్తూ బాబాయికి అమ్మేసిన చెక్క. దాని దిగువ మూల నాకిమ్మని నాలుగేళ్ల కింద అడిగాను, గుర్తుందా? అక్కడో కుంట తవ్వితే వాగు నీళ్లు ముందు అందులో తేరుకుని, తర్వాత నా చేపల దగ్గరికి వచ్చేవి. అప్పటికే అమ్మేశానన్నావు. ఒక్క ఏడాది ఆగి అమ్మి ఉంటే ఈ చావు ఉండేది కాదు. సరే, నిన్నని ఏం లాభం.

చేపపిల్లల్ని ప్యాక్ చేసినట్టే సీసాల్ని ప్యాక్ చేశాను. చుట్టూ రంపపు పొట్టు, దాని మీద తడిపిన గోనె, ఆ పైన అట్టపెట్టె, నాలుగు వైపులా తాడు. ఇలా కట్టి రెండు రోజుల ప్రయాణం పిల్లల్ని ప్రాణాలతో పంపుతాం. ఇంకో అలవాటు కూడా ఉంది మాకు. ప్రతి లోడులోంచీ ఒక సంచి ఇంట్లోనే ఉంచుకుంటాం. దారిలో చచ్చాయని కొన్నవాడు పేచీ పెడితే, ఇదిగో ఇక్కడ బతికే ఉన్నాయని చూపించడానికి. ఆ అలవాటు కొద్దీ ఈ నీళ్లూ ఒక్కోదాంట్లో సగం ఉంచుకున్నాను.

కాగితం కోసం ఎదురు చూస్తుంటాను. ముద్ర నల్లగా, స్పష్టంగా పడాలి.
అక్క


మే 12

అక్కకి,

పార్సిల్ అందింది. మొదటి గొట్టంలో మురికి మామూలుకన్నా కొంచెం ఎక్కువ. మూడోదీ అలాగే. రెండో సీసా మాత్రం పగిలి వచ్చింది. దారిలో ఎవరో పడేసి ఉంటారు. రంపపు పొట్టు మొత్తం తడిసిపోయింది.

మళ్లీ పంపాలని కంగారేమీ లేదు. ఈ ఏడు బాగుచెయ్యాల్సిన చోట్ల జాబితా ఈ నెలాఖరుకే వెళ్లిపోవాలి. ఒకటి, మూడు గొట్టాలకి పలకలు పెట్టించేస్తాను. రెండో గొట్టం కింద ఉన్నది చిన్న చెక్కే కదా, దాన్ని వదిలేసినా పెద్ద తేడా రాదు. ఎరువు మూడు దఫాలుగా వెయ్యమని బాబాయికి నేనే విడిగా రాస్తాను. నా మాట వింటాడు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మా ఆఫీసరు టేబుల్ ఫ్యాన్ తన వైపు తిప్పుకుని, అది తిరగడం మర్చిపోయిందని మాతో చెబుతాడు. నాకు నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. పని ఎక్కువైంది.

తమ్ముడు


మే 19

తమ్ముడికి,

పగిలిందా? రెండు రోజులు ప్రాణమున్న పిల్లల్ని బతికించి పంపేదాన్ని, నేను కట్టిన పెట్టెలో గాజు సీసా పగులుతుందా? అందులోనూ మూడింటిలో సరిగ్గా రెండోదే పగిలిందా?

ఇది బాబాయి పని. పార్సిల్ ఆఫీసు గుమస్తా ఆయన పేకాట జత. నేను సరాసరి కౌంటరు దగ్గరికి వెళ్లి, క్యూలో ఉన్నవాళ్లందరి ముందూ ఆ గుమస్తాని కడిగి పారేశాను. పెట్టె విప్పావా, ఎంత తిన్నావు అన్నాను. అతను తెల్లబోయి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, ఇరవై ఏళ్లుగా మీ చేపల్ని నీడలో పెట్టి పంపుతున్నాను" అన్నాడు. ఎంత నటన. మీ బావ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఇప్పుడు ఆ గుమస్తా నా పెట్టెలు తీసుకోనంటున్నాడు. తీసుకోకపోతే పీడా పోయింది, ఇంకో ఊరి నుంచి పంపుకుంటాను.

సగం ఉంచుకున్నానని రాశానుగా. కుంట నీళ్లు చూసుకునే చుక్కలమందు మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, మురికి ఎక్కువైతే రంగు ముదురుతుంది. మూడింట్లోనూ వేసి చూశాను. ఒకటోది, మూడోది లేత గులాబీ. రెండోది బీట్‌రూట్ ఉడికించిన నీళ్ల రంగు. మీ బావ చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చిన్న చెక్క, వదిలేసినా తేడా రాదు అని రాశావు. మురికిలో పెద్ద భాగం రెండు మూడు చోట్ల నుంచే వస్తుందని నువ్వే రాశావు కదరా. ఆ చోటు ఇదే. ఎందుకు నీళ్లు నములుతున్నావు? బాబాయి అంటే అంత భయమా?

నాకు కాగితం వద్దు, పలక కావాలి. రెండో గొట్టానికి పలక పెట్టించు. దాన్ని ఎత్తే దించే పని నా చేతికి రావాలి. లేదంటే ఆ బీట్‌రూట్ సీసా పట్టుకుని నేనే మీ ఆఫీసరు టేబుల్ ముందు నిలబడతాను. ఆయన ఫ్యాన్ కూడా నా వైపు తిప్పిస్తాను.

అక్క


జూన్ 4

అక్కకి,

నువ్వు ఆఫీసుకి రావద్దు. మూడు గొట్టాలకీ పలకలు మంజూరయ్యాయి. మా నిబంధన ప్రకారం, దిగువన ఉండి నీళ్లు వాడుకునేవాళ్లకే కాపలా ఇవ్వొచ్చు. నీ పేరు రాశాను. పెట్టెలకి తాళాలుంటాయి, తాళంచెవులు మేస్త్రీ నీకే ఇస్తాడు.

బాధ్యత చేతికొస్తే నీ కోపం చల్లారుతుందని నా ఆశ. పలక అంటే ఏమిటో జాగ్రత్తగా చదువు. ఒక్కో పెట్టెలో ఐదు పలకలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. విత్తనం మొలిచి జానెడు ఎదిగాక మూడు దింపు. అప్పుడు నేలలో నీళ్లు మూరెడు లోతున ఆగుతాయి, వేళ్లకి గాలి ఆడుతుంది. పెద్ద వాన వస్తుందనగా రెండు పైకి తీసెయ్యి. కోతకి ముందు అన్నీ తీసెయ్యాలి. ఎట్టి పరిస్థితిలోనూ ఐదూ వేసి ఉంచకు. ఐదూ ఉంటే నీళ్లు పైదాకా నిండి వేళ్లు కుళ్లిపోతాయి. నాలుగు రోజులు చాలు, పంట చేతికి రాదు.

రెండో గొట్టం దగ్గర మరీ జాగ్రత్త. అక్కడ నేల పల్లం. నా కోసం జాగ్రత్తగా చూడు.

తమ్ముడు


జూలై 24

తమ్ముడికి,

ముందు మంచి మాట. పిల్లలు బతికాయి. ఏడు కుంటల్లోనూ ఉన్నాయి. ఇప్పుడు వేలంత అయ్యాయి, నీడ పడితే ఒక్క తృటిలో గుంపంతా తిరుగుతుంది. అది చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోతున్నాను. మీ బావ ఐసు ఫ్యాక్టరీ మాట ఎత్తడం మానేశాడు.

ఇక రెండో మాట. పదకొండో తారీకున పెద్ద వాన పట్టింది. ఒకటో గొట్టం దగ్గరికి వెళ్లి నువ్వు చెప్పినట్టే రెండు పలకలు తీశాను. మూడోదాని దగ్గరా తీశాను. రెండోదాని దగ్గర తియ్యలేదు. మిగిలిన రెండూ కూడా దింపి తాళం వేసి, ఇంటికొచ్చి తల తుడుచుకున్నాను.

నాలుగు రోజులు. నువ్వు రాసిన లెక్కే. మోకాలెత్తు మొక్కజొన్న నీళ్లలో నిలబడి మొదట కింది ఆకులు, తర్వాత పై ఆకులు పసుపెక్కాయి. ఐదో రోజు గాలి కొడితే వరసలు వరసలుగా పడుకుంది. మా తూము ముందే మూసుకున్నాను కాబట్టి, అక్కడ పొర్లిన నీళ్లు మా కుంటల్లోకి రాలేదు. చేసింది తప్పని నాకు అనిపించలేదు. ఆ ఐదు రోజులూ హాయిగా నిద్రపోయాను, నీ మీద ఒట్టు.

ఆరో రోజు బాబాయి పొలం గట్టున గొడుగు వేసుకుని నిలబడి ఉంటే వెళ్లాను. వసారాలో ఆ రోజు నవ్వినవాళ్లలో ఇద్దరున్నారు పక్కన. "ఏం బాబాయ్, మొక్కజొన్నకి ఈత రాదా?" అన్నాను. ఏడాదిగా నోట్లో పెట్టుకుని నమిలిన మాట అది. అనేశాక నాలుక తియ్యగా అయింది.

ఆయన తిట్టలేదు. గొడుగు మూసి, "ఇది నాకు చెప్పి ఏం లాభం అమ్మా. మీ తమ్ముడికి రాయి" అన్నాడు. నువ్వొచ్చి నన్ను మందలిస్తావనుకుంటున్నాడు కాబోలు. రాశాను, చూశావుగా. మందలించుకో.

అక్క


ఆగస్టు 2

అక్కా,

ఆ పొలం నాది.

నేను అమ్మలేదు. నాన్న ఇచ్చిన రోజు నుంచీ నా పేరు మీదే ఉంది. బాబాయి నా కోసం సాగు చేసి పెడుతున్నాడు. దిగువ మూల నువ్వు అడిగినప్పుడు లేదనడానికి మొహమాటపడి, అమ్మేశానని చెప్పాను. పొలం మధ్య కుంట తవ్వితే దానికి విలువ పోతుందనుకున్నాను. ఒకసారి చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను. రెండో సీసా పగల్లేదు. నేనే పారబోశాను. యజమాని పేరు గడిలో నా పేరు రాయాల్సి వస్తుందని. నువ్వు ఆఫీసుకి వస్తానన్నాక ఆ గడిలో బాబాయి పేరు రాసి పలకలు మంజూరు చేయించాను.

ఇంత చెప్పాక నేనూ ఒక మాట అడుగుతాను. వేళ్లు కుళ్లుతాయని తెలిసి తెలిసి ఐదు పలకలూ దింపావు. పైనుంచి పొర్లిన ఆ నీళ్లు నీ తూము దాటి కిందికి పోయాయి. అక్కడా మనుషులున్నారు, గేదెలున్నాయి. నీ కక్ష తీరడానికి వాగుని నువ్వూ పాడుచేశావు. కాపలా నీకు ఇచ్చి పొరపాటు చేశాను. వేరేవాళ్ల పేరు రాస్తున్నాను. తాళంచెవులు మేస్త్రీకి ఇచ్చెయ్యి.

నేను చేసింది తప్పే. కానీ నీ చేపల్ని నేను చంపలేదక్కా. అక్కడ ఎరువు వేసింది బాబాయి చెయ్యి.

తమ్ముడు


ఆగస్టు 15

తమ్ముడికి,

నీ ఉత్తరం పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్లాను. "ఎరువు వేసింది నీ చెయ్యట, నిజమేనా?" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. నీ దస్తూరీ. నిరుడు జూలై మూడో తారీకు. "మూడుసార్లు కూలీలను పిలవడం దండగ, వాన రాకముందే ఎరువంతా ఒకేసారి వేసెయ్యి బాబాయ్. మనదొక్క పొలం వల్ల వాగుకి ఏమైపోతుంది" అని రాశావు. అది రాసిన వారానికి వాన. ఆ వాన వెలిసిన ఎనిమిదో రోజు నేను గంపలు ఎత్తాను.

ఊరూరా తిరిగి మూడు దఫాలుగా వెయ్యండని చెబుతావు. అదే నోటితో.

ఎందుకు దాచావని బాబాయిని అడిగాను. "నా మీద పగబడితే నువ్వు నాలుగు తిట్టి ఊరుకుంటావు. వాడి మీద పగబడితే నీకు తమ్ముడుండడు" అన్నాడు. తర్వాత, "ఈత మాట మాత్రం నాదే. ఎవరూ చెప్పించలేదు. దానికి నువ్వేమన్నా పడతాను" అన్నాడు. ఆయన్ని ఏమనను? ఇంటికి రాగానే మీ బావని తీసుకుని పార్సిల్ ఆఫీసుకి వెళ్లాను. ఈసారీ క్యూ అంతా ఉండగానే గుమస్తాకి క్షమాపణ చెప్పాను. అతను నా పెట్టె తీసుకుని నీడలో పెట్టాడు. అది చూశాక బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీ మీద ఏడుపు అది.

కిందివాళ్ల గేదెల సంగతి నిజమే. అది నేను చేసిన పాపం, నేనే మోస్తాను. నువ్వు చేసింది మాత్రం నువ్వు మొయ్యాలి.

కాబట్టి విను. ఆ గడిలో నీ పేరు నీ చేత్తోనే రాస్తావు. దిగువ మూల తవ్వడానికి నాకు రాసిస్తావు. కాపలా నాదే, తాళంచెవులు ఎవరికీ ఇవ్వను. వీటిలో ఏ ఒక్కటి జరక్కపోయినా నీ జూలై ఉత్తరమూ, సగం ఉంచుకున్న నీళ్లూ మీ ఆఫీసరు టేబుల్ మీద ఉంటాయి.

ఇదంతా వాగు కోసం. పగ వేరే ఉంది, అది ఇందులో కలపకు. పదమూడు నెలలుగా మబ్బు పట్టిందంటే నాకు అన్నం దిగదు. లేచి తూము దగ్గరికి పోయి, వచ్చి, మళ్లీ పోతాను. పైన ఎవడి చేతిలో నా ప్రాణం ఉందో, వాడు ఏం చేశాడో తెలియక. అదేమిటో నీకూ తెలియాలి. ఆ పొలంలో ఏటా నువ్వు విత్తనం వెయ్యాలి. పలక నా చేతిలో ఉంటుంది.

అక్క


మరుసటి ఏడు జూన్ 20

అక్కకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రెండో గొట్టం ఎదురుగా నా పేరు రాశాను. ఆఫీసరు దాన్ని మీటింగులో పైకి చదివాడు. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఇప్పుడు నన్ను జాబితా సీటు నుంచి తీసి, వచ్చిన సీసాలు కడిగించే గదికి వేశారు. రైతులకి చెప్పడానికి ఇంకొకతను వెళ్తున్నాడు.

నీకు చెప్పాల్సినది ఇంకోటి ఉంది. ఈ ఏడు మొత్తం జాబితాలో అతి తక్కువ ఖర్చుతో అన్నిటికన్నా ఎక్కువ బాగుపడింది మన వాగేనట. మూడు పెట్టెలు, పది అడుగుల గడ్డి, దిగువ మూల నీళ్లు తేరుకోవడానికి నువ్వు తవ్విన ఆ తేటకుంట. రెండో గొట్టం సీసా నేనే కడిగాను, నీళ్లు మంచినీళ్లలా ఉన్నాయి. వేరే ఊళ్ల వాళ్లు చూసిపోవడానికి వస్తామంటున్నారు.

ఎరువు మొదటి దఫా వేయించాను, మూడో వంతే. బాబాయి ఇప్పుడు తన పొలాల్లో కూడా నేను చెప్పకుండానే అలా వేస్తున్నాడు. మొలక బాగా వచ్చిందట. ఈ పంట నాకు ఎంత అవసరమో నీకు తెలుసు. నిరుటిది పోయింది, సీటు పోయింది, మిగిలింది ఇదొక్కటే.

అక్కా, పలకలు ఎన్ని దింపావు? ఎన్ని దింపుతావని మార్చిలో ఒకసారి అడిగాను, మేలో అడిగాను. బాబాయిని అడిగితే తనకి తాళం లేదంటాడు. ఇక్కడ రోజూ రేడియోలో అటువైపు వాన అని చెబుతున్నారు. ఆఫీసులో సీసా చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడిపోతున్నాను. మూడేనా? ఒక్క అంకె రాస్తే చాలు.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం అందింది, అంతా చదివాను.

మేం బాగున్నాం. మీ బావకి పన్ను పీకించాం. మూడు రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. ఆయనకి అదేమంత కష్టం కాలేదు. బాబాయి సాయంత్రాలు తేటకుంట గట్టుకొచ్చి కూర్చుంటున్నాడు. నాతో ఎక్కువ మాట్లాడడు, నేనూ మాట్లాడను, టీ మాత్రం ఇస్తున్నాను. తేటకుంటలో ఎవరూ వదలకుండానే కప్పలు చేరాయి. పిల్లల్ని ఈసారి పది రోజులు ముందే వదిలాం. పార్సిల్ గుమస్తా తన కూతురి ఇంట్లో తొట్టెకి నాలుగు రంగు చేపలు అడిగాడు, ఊరికే ఇచ్చాను, తీసుకోనని గొడవ. కొత్త వల కొన్నాం. దాని కన్ను మరీ చిన్నదని మీ బావా, సరిపోతుందని నేనూ ఇంకా తేల్చుకోలేదు.

నువ్వు వేళకి తిను. సీసాలు కడిగే గదిలో చెయ్యి పొక్కకుండా తొడుగు వేసుకో.

ఇక్కడ పొద్దున్నించీ మబ్బు పట్టి ఉంది.

అక్క